జేజి వక్కాకు తిత్తి

మా ఇంట్లో టీవీ పక్కనున్న బల్ల మీద కొన్నాళ్ళుగా ఒక పాత వక్కాకు తిత్తి పడి ఉంది. ఒకప్పుడు ఎర్రటి గుడ్డే గానీ, ఇప్పుడు దాని రంగేమిటంటే నేను చెప్పలేను. మూతి దగ్గర తాడు తెగినప్పుడల్లా చేతికి దొరికిన దారంతో ముడి వేశాం కాబట్టి అన్ని రంగుల దారాలూ దానికే ఉన్నాయి. లోపల ఇత్తడి సున్నపుకాయ, అందులో సున్నం ఎండి రాయైపోయింది. విప్పితే ఇప్పటికీ పొగాకూ వక్కా కలిసిన వాసన వస్తుంది, లేదా వస్తుందని నేననుకుంటానేమో. మా కూతురు లీల ఇల్లు సర్దినప్పుడల్లా దాన్ని బీరువాలో పెట్టబోతుంది. "ఉండనీ, కదిలించాకు" అంటాను. ఎందుకో చెప్పాలంటే మా చెల్లెలు ఎస్తేరు గురించి చెప్పాలి. ఎస్తేరు గురించి చెప్పాలంటే ముందు మా జేజి గురించి చెప్పాలి. చుట్టూ తిరగనిదే నాకు అసలు మాట రాదు, ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన జబ్బే.

జేజి అంటే మా నాయన తల్లి. కోడుమూరులో చర్చి వెనక సందులో మా ఇల్లు. కొంచెం చేను, అందులో వాన పడితే జొన్న, వేరుశనగ. జేజికి పళ్ళన్నీ ఊడిపోయాయి. అందుకని ఆకూ వక్కా చిన్న ఇనుప రోట్లో దంచుకొని బుగ్గన పెట్టుకునేది. పొద్దున కోడి కూయకముందే ఆమె దంచుడు మొదలయ్యేది. నాపరాళ్ళు పరిచిన ఇల్లు మాది. ఆ రాతి మీద రోలు పెట్టి దంచితే పక్కన పడుకున్న వాళ్ళకు వీపు కింద తెలిసేది. నాకు అది చికాకు. ఎస్తేరుకు అదే మేలుకొలుపు. దానికి పుట్టుకతోనే చెవులు వినపడవు. జేజి దంచడం మొదలుపెట్టగానే అరచెయ్యి రాతికి ఆనించి, కళ్ళు తెరవకుండానే నవ్వేది.

ఊళ్ళో దాన్ని మూగది అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది, ఇప్పటికీ మండుతుంది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది అదే. పనిపాటలన్నిటికీ, మనుషులందరికీ దాని దగ్గర సైగలున్నాయి, మేమంతా అవి నేర్చుకున్నాం. ఎడమ అరచేతిలో కుడి పిడికిలితో దంచితే జేజి. భుజం మీద తువ్వాలు దులిపితే నాయన. చెవి వెనక్కి వెంట్రుకలు తోస్తే అమ్మ. నా కనుబొమ మీద గాటు ఉంది కాబట్టి కనుబొమ తాకితే నేను. తలకు రెండు చేతులా నూనె రాసుకున్నట్టు చేస్తే ఆదివారం. చీకటి పడితే దాని మాట మాకూ, మా మాట దానికీ కనపడదు కాబట్టి పొద్దు ఉండగానే రొట్టెలు కాల్చుకొని వాకిట్లో గుండ్రంగా కూర్చొని తినేవాళ్ళం. చుట్టుపక్కల వాళ్ళు, "ఏం వదినా, కోళ్ళతో పాటే తింటాండారా?" అని మా అమ్మను ఆటపట్టించేవాళ్ళు. అమ్మ ఏమీ అనుకునేది కాదు. మా ఇంట్లో ఎవరూ పక్కకు తిరిగి మాట్లాడకూడదు, నోట్లో ముద్ద పెట్టుకొని గొణగకూడదు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఎవరైనా ఫోను చూసుకుంటూ నాకు జవాబు చెబితే మళ్ళీ అడుగుతాను.

జేజి తిత్తి కనపడకపోతే ఇక ఇల్లు ఇల్లు కాదు. పక్కబట్టలు దులపడం, గంపలు బోర్లించడం, మమ్మల్ని తిట్టడం. చివరికి ఎక్కడుందో కనిపెట్టి తెచ్చి ఒళ్ళో వేసేది ఎస్తేరే. తిత్తి లేకుండా జేజి ఒక పూట కూడా గడపలేదని ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది దానికే. ఇది గుర్తుపెట్టుకోండి.

కడపలో చెవిటిపిల్లలకు బడి ఉందని, హాస్టలు కూడా ఉందని మా పాస్టరు గారు నాయనకు చెప్పారు. అమ్మ ఏడ్చింది, జేజి మాత్రం పంపాల్సిందే అంది. అప్పుడు గానీ మాకు తెలిసిరాలేదు, మా ఇంటి సైగల్లో ఎంత లోటుందో. కళ్ళెదుట ఉన్నవాటికల్లా సైగ ఉంది. రేపటికి లేదు. వచ్చే నెలకు లేదు. మళ్ళీ వస్తాం అనడానికి లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు, ఎందుకంటే మేమెవరం దాన్ని వదిలి ఎక్కడికీ పోలేదు. నాయన దాన్ని కొత్త గౌను వేసి బస్సెక్కించి తీసుకుపోయాడు. అది తిరునాళ్ళకు పోతున్నట్టు అందరికీ చెయ్యూపింది. అక్కడ హాస్టలు వార్డెనమ్మ, "పిల్ల ఆటలో ఉన్నప్పుడు వెళ్ళిపోండి, చూస్తే ఏడుస్తుంది" అందట. చదువుకున్న మనిషి చెప్పింది కదా అని నాయన అలాగే చేశాడు. ఉయ్యాల ఊగుతున్న బిడ్డ వీపు చూసి వచ్చేశాడు.

కొన్నాళ్ళకు పాస్టరు గారి ద్వారానే కబురొచ్చింది. పిల్ల తిండి ముట్టడం లేదు, గేటు కమ్మీలు పట్టుకొని నిలబడుతోంది, వచ్చి తీసుకుపొమ్మని. నాయన చొక్కా వేసుకుంటూనే, "తెచ్చేసుకుందాంమా. సదువు లేకుంటే ఏమాయ, గొడ్లు కాసుకోనైనా బతుకుతాది" అన్నాడు.

"గొడ్లు కాయనికి నువ్వుండావు కదప్పా. అది సదువుకోవాల" అంది జేజి. "నేనూ వస్తా పద."

నేను కూడా వస్తానని మారాం చేశాను, తీసుకుపోయారు. ఆ దినం నాకు బాగా గుర్తు. గేటు దగ్గరే ఉంది ఎస్తేరు. మమ్మల్ని చూసింది. పరిగెత్తి వస్తుందని నేను చేతులు చాపాను. అది మా ముగ్గురినీ వరసగా చూసి, వెనక్కి తిరిగి లోపలికి పోయి, వరండాలో గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. నాయన ముందుకెళ్ళి భుజం పట్టుకుంటే విదిలించేసింది. చెవిటి బిడ్డ కళ్ళు తిప్పుకుంటే ఇక దానికి మనం లేనట్టే. ఎంత పిలిచినా లాభం లేదు.

జేజి పోయి దాని వెనక నేల మీద చతికిలబడి, సంచిలోంచి ఇనుప రోలు తీసి, రెండు ఆకులు, ఇంత వక్క వేసి దంచడం మొదలుపెట్టింది. అక్కడ కూడా మా ఇంట్లో లాగే నాపరాళ్ళే. చాలాసేపు దంచింది. ఎస్తేరు మెల్లగా చెయ్యి కిందికి దించి అరచెయ్యి రాతికి ఆనించింది. తర్వాత తిరిగి చూసింది. అప్పుడు చేతులతో ఒక మాట చెప్పింది. తువ్వాలు దులిపింది, కుడితి నీళ్ళు పారబోసినట్టు చేతులు విసిరింది, తన రొమ్ము మీద వేలు పెట్టుకుంది. నాయన నన్ను పారబోశాడు. మా నాయన తువ్వాలు మొహాన కప్పుకొని వరండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేనూ ఏడ్చాను.

దాన్ని ఒళ్ళో వేసుకొని జేజి అన్నం తినిపించింది. ఇక బయలుదేరదామని నాయన దాని బట్టలు మూట కడుతుంటే వద్దంది. నడుముకు చెక్కుకున్న వక్కాకు తిత్తి తీసి ఎస్తేరు చేతిలో పెట్టింది. పిడికిలితో దంచి తనను చూపించుకుంది, గేటు బయట దారి వైపు వేలు చూపింది, ఆ వేలునే వెనక్కి తిప్పి గేటు లోపలికి తెచ్చి, తిత్తి మీద ఆనించింది. ఎస్తేరు తిత్తిని చూసింది, జేజి నోటిని చూసింది. తాడు విప్పి లోపల ఆకులున్నాయో లేదో చూసుకుంది. తర్వాత ఆ తాడును తన మణికట్టుకు చుట్టుకుంది. మేము గేటు దాటుతుంటే ఏడ్చింది గానీ, మా మొహాలు చూస్తూ ఏడ్చింది. జేజి వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచింది.

కర్నూలు బస్టాండులో దిగేసరికే జేజికి తలనొప్పి మొదలైంది. నాయన పోయి కొత్త తిత్తి ఒకటి, తమలపాకుల కవళికట్ట ఒకటి కొనుక్కొచ్చాడు. జేజి ముట్టలేదు.

"ఏమప్పా, ఇంగొకటి కొనుక్కుంటే ఆ బిడ్డకు నేను చెప్పింది అబద్ధమైపోతాది" అంది.

"దానికేం తెలుస్తాదిమా?"

"నాకు తెలుస్తాది కదా."

దసరా సెలవుల దాకా జేజి వక్కాకు వెయ్యలేదు. ఇల్లంతా ఆమె కోపంతోనే కాగిపోయింది. ఏదో ఒకటి నమలాలని పచ్చి జొన్నలు నానబెట్టుకొని దంచుకునేది, థూ అని ఊసేది. సెలవులకు తీసుకురావడానికి నాయనను వెంటబెట్టుకొని తనే పోయింది. ఎస్తేరు గేటు దగ్గర తిత్తి పట్టుకొని నిలబడి ఉందట. లోపల తమలపాకులు ఎండి పొడైపోయాయి. జేజికి ఇబ్బందవుతుందని అది బడి ఆవరణలో వేపాకులు తెంపి, మాటిమాటికీ కొత్తవి పెట్టి ఉంచింది. జేజి అక్కడే కూర్చొని ఆ వేపాకు దంచుకొని, మొహం చిట్లించకుండా తినేసిందని నాయన చెప్పాడు. ఆ తర్వాత ప్రతిసారీ అదే పద్ధతి. వదిలేటప్పుడు తిత్తి ఇవ్వడం, తెచ్చేటప్పుడు తీసుకోవడం. ఎస్తేరు పైతరగతులకు వచ్చాక కూడా మానలేదు.

అలా తిత్తి ఎస్తేరు దగ్గరున్న రోజుల్లోనే జేజి చనిపోయింది. నాయన ఒక్కడే కడపకు పోయాడు. ఎస్తేరు ఆయన వెనక ఎవరైనా వస్తారేమోనని చూసింది, ఎవరూ రాకపోతే తిత్తి పట్టుకొని బస్సెక్కింది. ఇంటికొచ్చాక అమ్మ ఆ తిత్తిని పెట్టెలో జేజి చేతి పక్కన పెట్టబోయింది. ఎస్తేరు లాక్కుంది. అంత దుఃఖంలో ఎవరూ ఎందుకని అడగలేదు. చాలా ఏళ్ళకు నేనడిగితే, "నా దగ్గరుంటేనే కదా తీసుకోనికి వచ్చేది" అంది. ఇప్పుడు దాని చేతులు దేశమంతా వాడే సంజ్ఞా భాష మాట్లాడతాయి, అది నాకు సగమే వస్తుంది. నాతో మాత్రం మా ఇంటి పాత సైగలే. అవి చూస్తుంటే నాకు కోడుమూరు యాస వినపడుతుంది.

ఎస్తేరు టీచరు ట్రైనింగు చేసి ఆ బడికే లెక్కల టీచరుగా వచ్చింది. చెవిటి మనిషి చెవిటిపిల్లలకు ఎలా చెబుతుందని కమిటీలో పెద్ద వాదనే జరిగింది. ఆ రోజుల్లో పిల్లలు చేతులు ఆడించకూడదు, పెదాలు చూసి నేర్చుకోవాలి అని నియమం. ఎస్తేరు ఆ నియమాన్ని మెల్లమెల్లగా కొరికి పారేసింది. తనది ఒకటే పట్టుదల. కొత్తగా చేర్చే పిల్లల అమ్మానాన్నలు దొంగచాటుగా వెళ్ళిపోకూడదు. తమకు లేకుంటే జరగని వస్తువొకటి పిల్ల చేతికిచ్చి, చెప్పి వెళ్ళాలి, సెలవులకు వచ్చి తీసుకోవాలి. వార్డెన్లు గొణిగారు, మారిపోయారు, ఈ పద్ధతి నిలిచింది.

మొన్నామధ్య దాని రిటైర్మెంటు సభకు కడప పోయాను. సభ అయ్యాక దాన్ని కర్నూలుకు, మా ఇంటికి తెచ్చేసుకోవాలని నా ఉద్దేశం. గదికి సున్నం కొట్టించి, కిటికీ దగ్గర మంచం వేయించి పెట్టాను. సభలో అతిథి ఒకాయన, లోపం ఉన్నా వీళ్ళు ఎంతో సాధించారని చాలాసేపు చెప్పాడు. ఎస్తేరు వేదిక మీద నుంచే నాతో, "ఈయప్ప ఎప్పుడు దిగుతాడో, ఆకలైతాండాది" అంది. కడుపు మీద తట్టుకున్న ఆ సైగ హాలులో సగం మందికి అర్థమై నవ్వారు. తన మాటలకే నవ్వారనుకొని ఆయన ఇంకాస్త పొడిగించాడు.

పాత విద్యార్థులంతా వచ్చారు. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఆడిస్తుంటే హాలంతా గాలికి కదిలే జొన్నచేనులా ఉంది. ఫోటోలు తీస్తున్నవాడు ఇక్కడే చదివి స్టూడియో పెట్టుకున్నవాడు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న షరీఫా కర్నూల్లో ఒక ఆసుపత్రి ల్యాబుకు పెద్ద. వాళ్ళ నాన్న సైకిలు మీద ఊరూరా తిరిగి చీరలు అమ్మేవాడట. బిడ్డ చేతిలో సైకిలు తాళంచెవి పెట్టి, సైకిలును బడి గోడకే ఆనించి, సెలవుల దాకా మూట నెత్తిన పెట్టుకొని నడిచాడు. ఆ తాళంచెవి ఇప్పుడు షరీఫా మెడలో గుర్తింపు కార్డు పక్కన వేలాడుతోంది. శివారెడ్డి వాళ్ళది పెద్ద సేద్యం. వాళ్ళ నాన్న మొదట డ్రైవరు చేత ఏదో పంపిస్తానన్నాడట. ఎస్తేరు ఒప్పుకోకపోతే చేతి వాచీ విప్పి ఇచ్చాడు. శివారెడ్డి ఆ వాచీనే పెట్టుకొని ఇళ్ళకు ప్లాన్లు గీస్తున్నాడు, సొంత ఆఫీసు ఉంది. అతను గీసే ఇళ్ళల్లో వంటింటికీ హాలుకూ మధ్య గోడ ఉండదు. వంట చేసేవాళ్ళ మొహం అందరికీ కనపడాలంటాడు. వినపడే వాళ్ళు కూడా అలాంటి ఇళ్ళే కావాలంటున్నారట.

రాజంపేట ఓబులేసుది ఇంకో కథ. తల్లి కూలికి పోయేది. ఇవ్వడానికేమీ లేక సంగటి కట్టె ఇచ్చింది. సెలవుల దాకా పక్కింట్లో అడుక్కొని సంగటి కెలుక్కుందట. ఓబులేసు ఇప్పుడు బెంగళూరులో ఒక హోటల్లో వంటవాళ్ళందరికీ పెద్ద. తల్లి చనిపోయాక ఆ కట్టెను అక్కడికే తెచ్చుకున్నాడు. "ఆ వంటింట్లో అందరికీ సైగలు నేర్పించినా. మిషన్ల మోతలో వాళ్ళకూ ఏమీ ఇనపడదు కదా" అని అతను చెబుతుంటే ఎస్తేరు నాకు మా ఇంటి సైగల్లోకి మార్చి చెప్పింది.

నేను పొంగిపోయి, మన కాలంతో పోలిస్తే ఎంత మారిందో అన్నాను. మన ఇంట్లో నాయన నీకు గొడ్లే గతి అనుకున్నాడు కదా అని. ఎస్తేరు సభకు రానివాళ్ళ గురించి చెప్పింది. ఒకమ్మాయి డిగ్రీ చేసి ఎన్ని ఇంటర్వ్యూలకు పోయినా, పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫోను ఎలా మాట్లాడతావు అని మాత్రమే అడిగారట. విసిగిపోయి ఇంట్లో కూర్చుంది. "వచ్చినోళ్ళకు చేతులూపినారు. రానోళ్ళు నాకు ఎక్కువ గుర్తొస్తాండారు" అంది. నా పొంగు చప్పున దిగింది. అయినా నేను అబద్ధమాడలేదు. మా కాలంలో ఊళ్ళో దాని సైగలు తెలిసింది మా ఇంటివాళ్ళకే. ఇప్పుడు అది వీడియో కాల్లో షరీఫాతో గంటలకొద్దీ కబుర్లు చెబుతుంది, ఓబులేసు కొత్త వంట చేస్తే చూపిస్తాడు. ఆ ఫోను దానికి చెవీ నోరూ కూడా. చేతిలో లేకపోతే, జేజికి తిత్తి లేనట్టే.

సాయంత్రం కారెక్కబోతుంటే హాస్టలు పిల్లలు గేటు దగ్గర గుంపు కట్టారు. అందరికంటే చిన్నది తులసి, ఈ మధ్యనే చేరింది. ఎస్తేరు చీర కుచ్చెళ్ళు పట్టుకొని వదలదు. ఎస్తేరు నేల మీద కూర్చొని, సంచిలోంచి జేజి తిత్తి తీసి దాని చేతిలో పెట్టింది. దారి చూపింది, వేలు వెనక్కి తిప్పింది. తులసి తిత్తిని వాసన చూసి, మొహం చిట్లించి, తిరిగి ఒళ్ళో పడేసింది. ఎస్తేరు చేతిలోని ఫోను వైపు వేలు చూపించింది. అది కావాలట.

కొత్త వార్డెను అసలు సంగతి చెప్పింది. "ఈ పాపను చేర్చినప్పుడు వాళ్ళమ్మ సెల్లు ఇచ్చి పోయింది మేడం. సెలవుల దాకా ఉండలేక ఆ వారమే తిరిగొచ్చి తీసుకున్నది." ఫోను పెట్టి పోయినవాళ్ళు తొందరగా వస్తారని ఆ బిడ్డకు తెలిసిపోయింది. తిత్తి ఎవరికీ అక్కరలేదనీ, ఎస్తేరు వక్కాకు వెయ్యదనీ కూడా తెలుసు. ఎస్తేరు ఆ పిల్లను అలాగే చూసింది. నాకు నవ్వొచ్చింది. ఫోను మాత్రం ఇవ్వదులే అనుకున్నాను. ఇచ్చేసింది.

కారులో దాని చేతులు ఊరికే ఒళ్ళో కదులుతూనే ఉన్నాయి. సభకు రాలేని వాళ్ళంతా ఆ పొద్దు కాల్ చేస్తారని నాకు తెలుసు. నా ఫోను తీసి ఇచ్చాను, దీంట్లో మాట్లాడుకో అన్నాను. వెనక్కి తోసేసింది. నేను మళ్ళీ పెట్టాను. అప్పుడు మా ఇంటి సైగల్లో, మెల్లగా, విడివిడిగా చెప్పింది.

"ఇంగొకటి తీసుకుంటే, ఆ బిడ్డకు నేను చెప్పింది అబద్ధమైపోతాది."

బస్టాండులో జేజి అన్న మాట అది. విన్నది నాయన, నేను. దాన్ని ఎవరం ఎస్తేరుకు చెప్పలేదు, నాకు తెలుసు, మా ఇంటి సైగల్లో అబద్ధానికి సైగ లేదు అప్పట్లో. ఇప్పుడుంది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను, మళ్ళీ అలా తిప్పుకోకూడదని గుర్తొచ్చి దాని వైపు తిరిగే ఏడ్చాను.

ఆ రాత్రి మా ఇంట్లో, సున్నం కొట్టించిన గదిలో పడుకుంది. పొద్దున్నే కాఫీ తాగి కడప బస్సెక్కింది. తులసికి అలవాటయ్యే దాకా ఉండి వస్తానంది, అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నేనడగలేదు. బస్సు పోయాక ఇంటికొచ్చి చూస్తే టీవీ పక్కన బల్ల మీద తిత్తి ఉంది. "పిన్నమ్మ మరిచిపోయింది, కొరియర్ చేద్దామా?" అంది లీల. వద్దన్నాను. మా చెల్లెలు దేన్నీ మరిచిపోయే మనిషి కాదు.